ప్రాసెసర్‌లో రెండు పార్టీలు

మా అక్క కూతురు బెంగళూరులో ఒక కంప్యూటర్ కంపెనీలో పనిచేస్తుంది. ప్రోగ్రాములు రాయదు. ప్రోగ్రాములు రాసేవాళ్ళు ఏం చేశారో అది మామూలు మనుషులకు అర్థమయ్యేలా వివరాలు రాసిపెట్టడం దాని ఉద్యోగం. పోయిన నెల ప్రొద్దుటూరు వచ్చింది. పొద్దున్నే నేను టిఫినుకు ఉగ్గాని చేద్దామని బొరుగులు నానబెట్టి పిండుతుంటే ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని వంటింటి గడపలో కూర్చుంది. "చిన్నమ్మా, నువ్వు ఒకప్పుడు ఈ పని చేసిందానివే గదా. ఇది ఇని, అర్థమైతాందో లేదో చెప్పు" అని చదవడం మొదలుపెట్టింది. ఒకే మెషీన్ మీద చాలామంది యూజర్లు పనిచేస్తున్నప్పుడు ఆపరేటింగ్ సిస్టమ్ వాళ్ళ మధ్య ప్రాసెసర్ కాలాన్ని ఎలా పంచుతుంది, ఆ వాటాలను ఏ సెట్టింగుతో ఎలా మార్చాలి, అదీ విషయం. బాగానే రాసింది, వంక పెట్టడానికి లేదు. చివర్లో ఒక వాక్యం వచ్చింది. ఒక గుంపు వాడుకోని వాటా అవసరమున్న మిగతావారికి దానంతటదే చేరుతుంది, అయితే అడ్మినిస్ట్రేటర్ కావాలనుకుంటే దీన్ని నిలిపివేయవచ్చు అని. నా చేతిలో బొరుగులు చేతిలోనే ఉండిపోయాయి. "ఎవరే కావాలనుకునేది? ఎందుకు కావాలనుకుంటారు?" అని గట్టిగానే అరిచినట్టున్నాను, అది బెదిరిపోయి నా మొహంలోకి చూసింది. పాపం, దానికేం తెలుసు. ఇన్నేళ్ళయినా ఆ సెట్టింగు పేరు వింటే నాకు ఒళ్ళు మండుతుంది.

అప్పట్లో మా ఊళ్ళో కంప్యూటర్ అంటే చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్ళాల్సిన వస్తువు. ఒక బట్టల కొట్టు పైఅంతస్తులో మా సెంటరు ఉండేది. కింద చీరలు, పైన చదువు. ఓనరు తాతల కాలం నుంచీ బట్టల వ్యాపారం చేసే ఇంటివాడు. ఎవరి మనసూ నొప్పించకుండా మాట్లాడటం ఆయనకు పుట్టుకతో వచ్చిన విద్య. కొనకుండా వెళ్ళిపోయేవాళ్ళకు కూడా మజ్జిగ ఇప్పించి పంపేవాడు. ఆయన ఎక్కణ్ణుంచో ఒక పెద్ద మెషీన్ తెప్పించాడు. మెషీన్ ఒకటే, దానికి తగిలించిన తెరలూ కీబోర్డులూ మాత్రం గది చుట్టూ ఉండేవి. వాటిని టెర్మినల్స్ అనేవాళ్ళం. ఎవరి తెర ముందు వాళ్ళు కూర్చుంటే అందరికీ తలా ఒక కంప్యూటర్ ఉన్నట్టే ఉండేది గానీ, లోపల పనిచేసే ప్రాసెసర్ ఒక్కటే. బంతిలో కూర్చున్నవాళ్ళకు ఒకరి తర్వాత ఒకరికి గరిటెడు గరిటెడు వడ్డించుకుంటూ పోయినట్టు అది అందరి పనీ కాసింత కాసింత చేసుకుంటూ పోయేది. ఎవరికి ఎంత పెద్ద గరిటె అన్నది చూసుకోవడం నా ఉద్యోగం. పొద్దున పిల్లలకు పాఠాలు చెప్పేదాన్ని, మిగతా వేళల్లో మెషీన్ బాగోగులు చూసేదాన్ని. నేను పెట్టిన సెట్టింగు చాలా సాదా. అందరికీ ఒకటే గరిటె. ఎవరైనా లేచిపోతే వాళ్ళ భాగం ఉన్నవాళ్ళకు. ఆ పద్ధతి మీద ఎవరూ ఏ రోజూ ఫిర్యాదు చేయలేదు.

ఎన్నికలు వచ్చాయి, ఆ పద్ధతికి తెర పడింది. ఆ రోజుల్లో ఎన్నికలంటే మా వైపు ఎలా ఉండేదో ఇక్కడివాళ్ళకు చెప్పక్కర్లేదు, బయటివాళ్ళకు చెప్పినా నమ్మరు. ఒక వర్గం వాళ్ళు టీ తాగే హోటల్లో ఇంకో వర్గం వాళ్ళు మంచినీళ్ళు కూడా తాగరు. ఒకరు ఎక్కిన బస్సు రెండోవాళ్ళు దిగిపోతారు. మా ఓనరు కొట్టుకు మాత్రం ఇద్దరూ వస్తారు, ఇద్దరి ఇళ్ళలో పెళ్ళిళ్ళకూ బట్టలు ఆయనే ఇవ్వాలి. అందువల్ల రెండు వర్గాలూ తమ ఓటర్ల జాబితాలు టైపు చేయించుకుని చీటీలు ప్రింటు తీయించుకుంటామని వచ్చినప్పుడు ఆయన ఒకరిని రమ్మని ఇంకొకరిని వద్దనలేకపోయాడు. ఒక వర్గం తరఫున బాగా మీసాలున్న ఒకాయన, ఇంకో వర్గం తరఫున ఎండాకాలం కూడా సఫారీ సూటు విడవని ఒకాయన, తలా ఒక టైపిస్టును వెంటబెట్టుకుని దిగారు. వాళ్ళు రావడంతోనే గదిలో టెర్మినల్స్ అన్నీ అటూ ఇటూ మారాయి. ఆ ఇద్దరూ మెట్లకు వీపు పెట్టి కూర్చోరు. పైకి ఎవరు వస్తున్నారో కనబడాలి. కాబట్టి గోడవారగా ఉన్న మంచి చోట్లు వాళ్ళకిచ్చి, మా పిల్లలను మెట్లకు వీపు పెట్టి కూర్చోబెట్టాం. పిల్లల వీపుల గురించి ఎవరికీ బెంగ లేదు.

మొదటి గొడవ వెంటనే వచ్చింది. సఫారీ వర్గం వాళ్ళ జాబితా ముందు బయటికొచ్చింది. వాళ్ళ జాబితా చిన్నది కాబట్టి ముందొచ్చింది. మీసాలాయన లేచి నిలబడి, "ఏంది మేడమ్, వాళ్ళకు స్పీడెక్కువ పెట్టినారా? మేం గమ్మున కూచ్చోని చూచ్చాండాం అనుకుంటాండారా?" అన్నాడు. మెషీన్‌కు పార్టీలు తెలియవని చెప్పాను. "మీకు తెలుసు గదా" అన్నాడు. ఓనరు పరుగెత్తుకుంటూ పైకొచ్చి ఇద్దరి మధ్యా నిలబడి, ఇద్దరికీ సమానంగా రాసిపెట్టేద్దామని, ఎవరికీ ఏ అనుమానం లేకుండా గోడకు అంటించేద్దామని తేల్చాడు.

అలా నేను నా జీవితంలో మొదటిసారి ఆపరేటింగ్ సిస్టమ్ సెట్టింగుల మీద పత్రం రాశాను. ఏ కంపెనీ వాళ్ళూ రాయించని విధంగా రాయించారు. యూజర్లను మూడు గుంపులు చేశాను. మీసాలాయన వాళ్ళు ఒక గుంపు, సఫారీ ఆయన వాళ్ళు ఒక గుంపు, నూలు లెక్కలు చేసుకునే వాళ్ళు, చదువుకునే పిల్లలు, ఇంకా ఊళ్ళో ఎవరైనా సరే, అందరూ కలిసి మూడో గుంపు. ఆ మూడో గుంపుకు పేరు పెట్టమని అడిగితే ఓనరు కాసేపు ఆలోచించి "మిగతావాళ్ళు అని రాయమ్మా" అన్నాడు. ప్రాసెసర్ కాలంలో దాదాపు చెరి సగం ఆ ఇద్దరికీ పోగా, అంచున మిగిలిన పిసరంత మిగతావాళ్ళకు. పోనీలే, ఆ టైపిస్టులు రోజంతా కొట్టరు కదా, వాళ్ళు ఖాళీగా ఉన్నప్పుడు ఆ వాటా పిల్లలకు వస్తుందిలే అని నాకు నేను సర్దిచెప్పుకుని, ఆ వాక్యం కూడా తెలుగులో స్పష్టంగా రాసి ఇద్దరికీ చదివి వినిపించాను.

ఇద్దరూ ఒక్కసారే వద్దన్నారు. ఆ ఎన్నికలన్నిట్లో వాళ్ళిద్దరూ ఒక మాట మీద నిలబడింది అదొక్కసారే. "మాది మేం వాడకపోతే వాళ్ళకెట్ట పోతాది?" అన్నాడు సఫారీ ఆయన. పిల్లలకు మాత్రమే పోయేలా పెడతానన్నాను. పిల్లల పేరు మీద రెండోవాళ్ళు కూర్చుంటే ఎవరు చూడొచ్చారన్నారు. నాకు చచ్చేంత ఓపిక ఉండేది ఆ వయసులో. ఇది ధాన్యం కాదు, గాదెలో పోసి దాచుకోవడానికి కుదరదు, మీరు వాడని క్షణం ఆ క్షణమే పోతుంది, తర్వాత కావాలన్నా మీకూ రాదు అని విడమరిచి చెప్పాను. మీసాలాయన అంతా శ్రద్ధగా విన్నాడు. విని, "పోతే పోనీలే మేడమ్. వాళ్ళకు పోకుంటే సాలు" అన్నాడు. సఫారీ ఆయన తల ఊపాడు. ఎదుటివాడికి దక్కకూడదన్న ఒక్క సంతోషం కోసం ఒక పెద్ద మెషీన్‌ను కట్టేసి ఖాళీగా కూర్చోబెట్టడం ప్రపంచంలో ఇంకే ఊళ్ళోనైనా జరిగిందేమో నాకు తెలియదు. మా ఊళ్ళో జరిగింది, ఆ వాక్యం కొట్టేసి దాని చోట ఇంకో వాక్యం నా చేత్తోనే రాశాను. వాడని వాటా ఎవరికీ చెందదు అని.

అంతటితో అయిపోలేదు. నేను వాళ్ళు లేనప్పుడు సెట్టింగు మార్చేస్తే? సెట్టింగులు మార్చే పాస్‌వర్డ్ నా దగ్గర ఉంది కదా. దీనికి తాను కనిపెట్టిన ఉపాయం గురించి ఓనరు చచ్చిపోయేవరకూ గొప్పగా చెప్పుకున్నాడు. గుడి హుండీకి రెండు తాళాలు వేసి, ఒక చెవి పూజారి దగ్గర, ఒక చెవి ధర్మకర్త దగ్గర ఉంచుతారు కదా, అలా పాస్‌వర్డ్‌ను రెండు ముక్కలు చేశాడు. ముందు సగం మీసాలాయన కొడతాడు, ఆ సేపు సఫారీ ఆయన గోడ వైపు తిరిగి నిలబడతాడు. తర్వాత సగం ఆయన కొడతాడు, ఈయన గోడ వైపు తిరుగుతాడు. ఆ కొత్త పాస్‌వర్డ్ పెట్టిన రోజు నేను కూడా గోడ వైపు తిరగాల్సి వచ్చింది. ఒకరు కొడుతుంటే మిగతా ఇద్దరం గోడకు మొహాలు పెట్టి నిలబడ్డ ఆ దృశ్యం తలచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది, ఆ రోజు మాత్రం కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నా మెషీన్ మీద నాకే అధికారం లేకుండా పోయింది.

ఇప్పుడు మా సెంటర్లో చదువుకున్న ఒక పిల్ల సంగతి. జమ్మలమడుగు దగ్గరి పల్లె. గొర్రెల మంద మీద బతికే ఇల్లు. తండ్రి వానాకాలం మందతో ఒకచోట, ఎండాకాలం ఒకచోట తిరిగే మనిషి. ఆ మధ్యనే కాస్త సేద్యం కూడా మొదలుపెట్టాడు. ఇంటర్ దాటిన ఆడపిల్ల ఆ ఇంట్లో అదొక్కతే. రోజూ పొద్దున జమ్మలమడుగు బస్సులో వచ్చేది. రెండు జడలు, చేతిలో సద్దిగిన్నె, ఎవరినైనా సరే కళ్ళల్లోకి చూసి మాట్లాడే తత్వం. ఎర్రగుంట్ల దగ్గర ఒక ఫ్యాక్టరీ ఆఫీసులో కంప్యూటర్ పనికి మనిషి కావాలని, మా డిప్లొమా పాసైతే తీసుకుంటామని వాళ్ళు మాటిచ్చారు. తండ్రి మాత్రం ఈ ఒక్క పరీక్ష చూస్తాను, పోతే ఇక బస్సు ఎక్కేది లేదని ఖరాఖండిగా చెప్పేశాడు. అందుకని ఆ ఒక్క పరీక్షే దానికి సర్వస్వం.

మిగతా పిల్లలు తెలివైనవాళ్ళు, అంటే లోకం అనుకునే రకం తెలివి. పైబ్యాచ్ వాళ్ళు ఇచ్చిపోయిన ప్రాజెక్టునే పేరు మార్చి చూపించేవాళ్ళు. అది అప్పటికే తయారై ఉంటుంది, మీట నొక్కితే నడుస్తుంది. ఈ పిల్ల మాత్రం సొంతంగా రాస్తానంది. వాళ్ళ మంద గురించే రాసింది. ఏ గొర్రె ఏ తల్లి పిల్ల, చెవికి ఏ గుర్తు, దేనికి ఏ రోగం వచ్చింది, ఏది ఈనడానికి దగ్గరగా ఉంది, అన్నీ ఒక వరసలో పెట్టి కాగితం మీదికి తెచ్చే ప్రోగ్రాము. నేను చదివి చూసి ఎంత ముచ్చటపడ్డానో చెప్పలేను. కాకపోతే పరీక్ష రోజు దాన్ని ఎగ్జామినర్ ఎదురుగా మొదటి నుంచీ కంపైల్ చేసి చూపించాలి. అంటే మనిషి రాసినదాన్ని మెషీన్ భాషలోకి మార్పించాలి. ఆ పనికి ప్రాసెసర్ బాగా కావాలి. అందరికీ ఒకటే గరిటె ఉన్న రోజుల్లో అది మజ్జిగ తాగి వచ్చేలోపు అయిపోయేది.

పరీక్ష పెట్టేవాళ్ళు మా ఎన్నికలను చూసి తేదీ పెట్టలేదు. పులివెందుల నుంచి ఒక లెక్చరర్ ఎగ్జామినర్‌గా వచ్చాడు. మిగతా పిల్లలందరూ మీట నొక్కి, నడిపించి, నవ్వుకుంటూ కిందికి దిగిపోయారు. ఈ పిల్ల కంపైల్ మొదలుపెట్టింది. తెర మీద ఏమీ కదలదు. నేను నా బల్ల దగ్గర మెషీన్ ఏం చేస్తోందో చూశాను. ఆ సమయానికి సఫారీ ఆయన వాళ్ళ పని అయిపోయి టైపిస్టు ఇంటికి వెళ్ళిపోయాడు. మీసాలాయన టైపిస్టు చెవిలో పుల్ల పెట్టుకుని తిప్పుకుంటున్నాడు. ప్రాసెసర్ దాదాపు మొత్తం ఖాళీ. ఎవరికీ చెందని కాలం అలా పారిపోతూ ఉంది, ఆ పిల్ల దాని పక్కనే దాహంతో కూర్చుని ఉంది. మెషీన్ ఆపి మళ్ళీ లేపితే వేరే దారి ఉందేమోనని ఒక్క క్షణం అనుకున్నాను. కానీ ఆపితే ఎగ్జామినర్ ముందు మొదలైన పరీక్ష రద్దవుతుంది.

మీసాలాయన దగ్గరికి వెళ్ళి విషయం చెప్పాను. ఆయన చెడ్డవాడేం కాదు. ఆ పిల్ల వైపు చూసి, "అయ్యో, ఆడపిల్ల సదువు మేడమ్, నేనెందుకు అడ్డం పడతా? ఆయప్పను వచ్చి ఆయప్ప ముక్క కొట్టమను, నా ముక్క నేను ఇప్పుడే కొడతా" అన్నాడు. సఫారీ ఆయన రోడ్డుకు అవతల తమ వర్గం హోటల్లో ఉన్నాడు. నేను కదలబోయేలోపే ఆ పిల్ల ఎగ్జామినర్‌ను అడిగి లేచింది. ఇద్దరం రోడ్డు దాటాం. హోటల్లో ఆడవాళ్ళెవరూ లేరు, అందరూ మాటలాపి చూశారు. ఆ పిల్ల నేరుగా ఆయన బెంచీ దగ్గరికే వెళ్ళింది.

"మామా, నీ వాటా నాకొద్దు. నువ్వు వాడకుండా పారబోచ్చాండావే, అది నాకియ్యి. కొంచేపే."

ఆయన కూడా మంచిగానే మాట్లాడాడు. కూర్చోమన్నాడు, టీ తెప్పిస్తానన్నాడు. "ఇచ్చేదానికేం పాపా, నీకంటే ఎక్కువా? కానీ నేనై నేను ఆడికి పోతే, వాళ్ళు పిలిపించుకున్యారు అంటారు. ఆ మీసాలాయప్ప ఒక్క మాట నన్ను రమ్మన్యాడని చెప్పించమను, ఇప్పుడే వచ్చా."

"ఆయప్ప రమ్మన్యాడనే అనుకో మామా."

"అనుకునేది గాదు పాపా. నలుగురు ఇనల్ల."

మళ్ళీ రోడ్డు దాటాం. మీసాలాయన మీసం సవరించుకుంటూ, "నేనెందుకు పిలుచ్చా? నాకేమన్నా ఆయప్పతో పనా? పని ఉండేది మీకు గదా" అన్నాడు. ఓనరు చేతులు నలుపుకుంటూ ఇద్దరి దగ్గరికీ తిరిగాడు. పరువుకు భంగం లేకుండా ఇద్దరూ కింద చీరల కొట్టులో అనుకోకుండా కలిసినట్టు ఏర్పాటు చేస్తానన్నాడు. ముందు ఎవరు కొట్టులోకి అడుగుపెట్టాలన్న దగ్గర అదీ ఆగిపోయింది. ఇద్దరూ ఇవ్వడానికి సిద్ధమే. ఇద్దరూ ఆ పిల్లను చూసి జాలిపడ్డవాళ్ళే. అక్కరకు రాని ఆ జాలిని తలచుకుంటే నాకు ఇప్పటికీ పళ్ళు నూరాలనిపిస్తుంది. తిట్టి పొమ్మని ఉంటే కనీసం తిట్టారని చెప్పుకోవడానికైనా ఉండేది.

ఎగ్జామినర్ వాచీ చూసుకున్నాడు. ఆయన బస్సుకు వేళయింది. "కంపైల్ కాలేదు మేడమ్. నేను చూసిందే రాయల్ల గదా" అన్నాడు. కారణం చెప్పాను, గోడ మీది కాగితం చూపించాను. ఆయన ఆసాంతం చదివి, నా వైపు చూసి, "మా పక్క కూడా ఇంతేలే మేడమ్" అని సంతకం పెట్టి మెట్లు దిగిపోయాడు. ఆ పిల్ల మాత్రం కుర్చీలోంచి లేవలేదు. చాలాసేపటికి తెర కదిలింది. కంపైల్ అయింది. ఒక్క తప్పు లేదు. ప్రోగ్రాము నడిపింది. మంద మొత్తం, తల్లులూ పిల్లలూ చెవి గుర్తులతో సహా, ప్రింటరు మీద గరగరమంటూ బయటికొచ్చింది. ఆ పిల్ల కాగితం అంచులు జాగ్రత్తగా చింపి, మడిచి, సద్దిగిన్నె సంచిలో పెట్టుకుంది. ఏడవలేదు. "వచ్చా మేడమ్" అని సెలవు తీసుకుని వెళ్ళింది. ఇక రాలేదు.

ఎన్నికల్లో ఎవరు గెలిచారో నాకు సరిగ్గా గుర్తు కూడా లేదు. ఆ తర్వాత రెండు వర్గాల పెద్దలూ రాజీపడి ఒకే పార్టీలో చేరి, ఒకే వేదిక మీద ఒకరికొకరు దండలు వేసుకున్నారు. ఆ దండల రోజున మీసాలాయనా సఫారీ ఆయనా కలిసే మా మెట్లెక్కి వచ్చి, ఇక అడ్డు ఎందుకులే మేడమ్ అని, గోడ వైపు తిరగకుండానే పాస్‌వర్డ్ రెండు ముక్కలూ నా ముందే కొట్టేశారు.

ఆ తర్వాత ఒకసారి ఎర్రగుంట్లలో బస్సు కోసం నిలబడి ఉంటే, లారీల దుమ్ములో పొట్టేళ్ళను తోలుకుంటూ ఆ పిల్ల తండ్రి కనబడ్డాడు. ఆయనే గుర్తుపట్టి దండం పెట్టాడు. పిల్ల ఎలా ఉందని అడిగాను. బ్రహ్మంగారిమఠం పక్క ఒక పల్లెకు ఇచ్చేశానన్నాడు. "దానికి సదువు అచ్చిరాలేదు మేడమ్మా. ఫెయిలైతే ఫెయిలైనా అని చెప్పొచ్చు గదా. మిషన్లో గూడా రెండు పార్టీలుండాయంట, వాళ్ళు జగడం పడి దీని వంతు రానియ్యలేదంట. అబద్ధం చెప్పేది గూడా సరిగ్గా రాదు దానికి" అని నవ్వాడు.

అబద్ధం కాదని చెప్పాను. గుంపులు, వాటాలు, గోడ మీది కాగితం, రోడ్డుకు అటొకరు ఇటొకరు కూర్చున్న పెద్దమనుషులు, ఎగ్జామినర్ వెళ్ళిపోయాక తప్పు లేకుండా నడిచిన ప్రోగ్రాము, అన్నీ చెప్పాను. వాళ్ళ మందలో చెవి గుర్తులన్నీ ఆ కాగితంలో ఉన్నాయని కూడా చెప్పాను. ఆయన చేతికర్ర ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకున్నాడు. పొట్టేళ్ళు ముందుకు పోతున్నా అదిలించలేదు.

"నిజమేనా మేడమ్మా?"

"నిజమేనప్పా."

"అబద్ధాలు చెప్తాందని ఆ పొద్దు దాన్ని కొడ్తినే" అన్నాడు.

బస్సు వచ్చింది, ఎక్కాను. ఏం చేస్తాం, కాలం గడిచిపోయింది అని ఇలాంటివాటికి అందరం సులువుగా అనేస్తుంటాం. ఆ పిల్ల కాలం దానంతటది గడిచిపోలేదు, ఇద్దరు పెద్దమనుషులు దాని మీద కూర్చున్నారు.